పడటానికి పుట్టిన విమానం

మార్చి వచ్చిందంటే పల్నాడులోని పిడుగురాళ్ల మెయిన్ రోడ్డు మీద ఎలక్ట్రానిక్స్ షాపుల ముందు అట్టపెట్టెలు గుట్టలు పడతాయి. ఎండలు ముదరకముందే కూలర్లు, ఫ్రిజ్‌లు ఆటోలెక్కి ఇళ్లకు చేరతాయి. అట్టపెట్టెను పాత సామాన్లవాళ్లు కొంటారు. లోపలి థర్మోకోల్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోరు. బండెడు వేసినా కాటా కదలదు మరి. షాపు వెనక ఖాళీ జాగాలోనో, సైడు కాలవలోనో అది తెల్లగా పడుంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే బడులు ఒంటిపూటకు మారతాయి. మధ్యాహ్నానికే ఇంటికొచ్చిన పిల్లలు పొద్దు వాలేదాకా ఏం చేయాలి? ఇప్పుడైతే ఫోన్ చూస్తారు. ఎవరికీ అక్కర్లేని ఆ థర్మోకోల్‌నూ, ఎవరికీ పట్టని ఆ మధ్యాహ్నాన్నీ ఒకచోట చేరిస్తే ఓ విమానం తయారవుతుంది.

మోటారు లేదు, బ్యాటరీ లేదు, రిమోట్ లేదు. చేత్తో వదిలితే గాలి మీద జారుకుంటూ పోయి నేలకు దిగే గ్లైడర్ అది. రెండడుగుల రెక్క, రెండడుగుల ఒళ్లు, యాభై గ్రాములకు అటూ ఇటూ బరువు. ఇంట్లో ఉన్నవాటితోనే అయిపోతుంది. కొనాల్సి వస్తే బ్రౌన్ టేపు, పేపర్ కట్టర్ బ్లేడు కొనాలి.

దీన్ని పిల్లలతో చేయించబోయే పెద్దలు చాలామంది బాగా ఎగిరే విమానం చేద్దామని మొదలుపెడతారు. అక్కడే దారి తప్పుతారు. చేయాల్సింది బాగా పడే విమానం. పదేళ్ల పిల్లాడు మొదట్లో ఎట్లా విసిరినా అది వెళ్లి నేలకే కొట్టుకుంటుంది. ముక్కు విరిగితే ఆ పూటకు ఆట ముగిసినట్టే. మర్నాడు మళ్లీ ఫోన్. అట్లా కాకుండా విమానం దులుపుకుని లేచిందనుకోండి, పిల్లాడు రెండోసారి విసురుతాడు, ఇరవయ్యోసారి విసురుతాడు. ఎగరడమంటే ఏమిటో ఆ ఇరవయ్యోసారి తర్వాతే వాడి చేతికి తెలిసేది. అందుకే కొలతలకన్నా ముందు, ఇది ఎట్లా పడుతుంది, పడితే ఎక్కడ విరుగుతుంది అన్నది ఆలోచించాలి.

దెబ్బ లెక్క

విమానం విరగకూడదంటే గట్టిగా చేయాలనిపిస్తుంది. చెక్క పెట్టు, ఇంకో చుట్టు టేపు వెయ్యి, ఇంకొంచెం గమ్ము పుయ్యి. కానీ బరువు పెరిగేకొద్దీ విమానం గాలిలో నిలవడానికి ఇంకా వేగంగా పోవాల్సి వస్తుంది. రెక్క అదే ఉండి బరువు రెట్టింపైతే వేగం ఒకటికి దాదాపు ఒకటిన్నరవుతుంది. తొమ్మిదో తరగతిలో చెప్పే గతిజ శక్తి సూత్రంలో ఈ రెండూ వేసి చూడండి. బరువు రెట్టింపు, వేగం వర్గం కూడా రెట్టింపు. నేలను తాకినప్పుడు మింగాల్సిన దెబ్బ నాలుగింతలు. విరక్కుండా ఉండాలని రెట్టింపు బలం పెడితే, విరగ్గొట్టే శక్తి నాలుగింతలై ఎదురొచ్చిందన్నమాట. అంటే మన్నిక తేలికతనంలోంచి రావాలి. యాభై గ్రాముల గ్లైడర్ గంటకు పధ్నాలుగు, పదిహేను కిలోమీటర్ల వేగంతో పోతుంది. తీరిగ్గా తొక్కే సైకిల్ వేగం. ఆ వేగంతో వచ్చి తగిలితే గోడకూ నొప్పి లేదు, విమానానికీ పెద్దగా లేదు.

దీన్ని పెద్ద ఎత్తున రుజువు చేసినాయన పాల్ మెక్‌క్రెడీ. అమెరికావాడు. చిన్నప్పుడు బొమ్మ విమానాల పోటీల్లో బహుమతులు కొట్టి, 1956లో గ్లైడర్లు నడపడంలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. బ్రిటిష్ పారిశ్రామికవేత్త హెన్రీ క్రెమర్ 1959లో ఒక బహుమతి ప్రకటించాడు. మనిషి తన ఒంటి బలంతోనే విమానాన్ని నడపాలి. అర మైలు ఎడంగా ఉన్న రెండు గుర్తుల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుకు రావాలి. పద్దెనిమిదేళ్లు ఎవరివల్లా కాలేదు. ప్రయత్నించిన వాళ్లు తక్కువవాళ్లేం కాదు. ఇంజినీర్లు, విమాన కంపెనీల్లో పనిచేసినవాళ్లు. నెలల తరబడి లెక్కలు కట్టి, నాజూకైన యంత్రాన్ని చెక్కి, ఎగరేసేవాళ్లు. అది కూలేది. బాగుచేసుకోవడానికి మళ్లీ నెలలు. ఒక పొరపాటు నుంచి ఇంకో పొరపాటుకు వెళ్లేలోపు ఏడాది తిరిగిపోయేది.

మెక్‌క్రెడీ ప్రశ్ననే మార్చేశాడు. ఎట్లా ఎగురుతుందన్నది తర్వాత, ముందు పడితే గంటల్లో లేపగలిగే విమానం కావాలన్నాడు. సన్నటి అల్యూమినియం గొట్టాలు, తీగలు, పల్చటి ప్లాస్టిక్ పొర, టేపు. అంతే సరంజామా. రెక్కల కొస నుంచి కొసకు దాదాపు 29 మీటర్లు, అంటే తొలి తరం బోయింగ్ 737 కన్నా కాస్త ఎక్కువే. బరువు మాత్రం 32 కిలోలు. నాలుగు అడుగులు పోయి కూలితే అక్కడే టేపేసి మళ్లీ లేపేవారు. మార్పు చేయడం, పడటం, అతికించడం, మళ్లీ ఎక్కడం. 1977 ఆగస్టు 23న కాలిఫోర్నియాలోని షాఫ్టర్‌లో బ్రయన్ ఆలెన్ అనే సైకిల్ రేసుల కుర్రాడు తొక్కుతుంటే ఆ గోసమర్ కాండర్ ఎనిమిది అంకె పూర్తి చేసింది. యాభై వేల పౌండ్ల బహుమతి.

ఆ తర్వాత చేసింది మన కథకు ఇంకా దగ్గర. గోసమర్ ఆల్‌బట్రాస్ అని రెండో విమానం కట్టారు. దాని రెక్కల లోపలి పక్కటెముకలు దేనితో చేశారనుకున్నారు? ఫ్రిజ్ పెట్టెలో వచ్చే ఈ థర్మోకోల్ జాతి పదార్థంతోనే. 1979 జూన్ 12న అదే ఆలెన్ దాన్ని తొక్కుకుంటూ ఇంగ్లిష్ ఛానల్ దాటాడు. 2 గంటల 49 నిమిషాల్లో 35 కిలోమీటర్ల పైచిలుకు. సైడు కాలవలో తేలేది అంతపని చేసింది.

ఏ ఫోమ్, ఏ గమ్ము

థర్మోకోల్ అంటే పాలీస్టైరీన్ పూసల్ని ఆవిరితో పొంగించి ముద్దచేసిన పదార్థం. జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ కంపెనీ 1950ల మొదట్లో దీన్ని లోకానికిచ్చింది. అందులో నూటికి తొంభై ఎనిమిది పాళ్లు గాలే. అందుకే అంత తేలిక. లీటరు సీసా పట్టేంత ముక్క తీసుకున్నా పదిహేను, ఇరవై గ్రాములకు మించదు. నొక్కితే కొంత ఓర్చుకుంటుంది, వంచితే మాత్రం టక్కున విరుగుతుంది.

టీవీ పెట్టెల్లో ఇంకో రకం వస్తుంది. తెల్లగా మెత్తగా, వంచినా విరగదు, వదిలితే మళ్లీ మామూలుగా అవుతుంది. అది పాలీఎథిలీన్ ఫోమ్. దాంతో రెక్క చేస్తే వేలాడుతుంది కానీ ముక్కుకూ, రెక్క అంచులకూ దానికి మించింది లేదు. మూడోది ఫ్లెక్సీ షాపుల్లో దొరికే సన్‌బోర్డు. చూడటానికి నున్నగా, అందంగా ఉంటుంది, పిల్లలు మొదట దానికే చేయి చాపుతారు. వద్దు. చాలా బరువు. బోర్డు మీద పేరు రాయడానికి బాగుంటుంది, గాల్లో మాత్రం రాయి.

విదేశాల్లో అలవాటున్నవాళ్లు పాలీప్రొపిలీన్ ఫోమ్ వాడతారు. గోడకేసి కొట్టినా బంతిలా తిరిగొచ్చే సరుకు. మన దగ్గర ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే రావచ్చు. కానీ కొన్న సరుకైతే పిల్లాడు కోయడానికి భయపడతాడు. పారేసింది అయితే ఆ భయం ఉండదు. నా మటుకు నేను చెత్తలో దొరికే థర్మోకోల్‌కే ఓటేస్తాను.

గమ్ము దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఫెవిక్విక్ లాంటి చిటికెలో అంటుకునే గమ్ము థర్మోకోల్‌ను తినేస్తుంది. పెట్రోలు, థిన్నరు, స్ప్రే పెయింటు కూడా అంతే. రెక్కకు వెండి రంగు కొడదామని స్ప్రే డబ్బా నొక్కితే రెక్క కళ్లముందే కుంగి, గుంటలు పడిపోతుంది. పెద్దలు దగ్గరుండి పనికిరాని ముక్క మీద ఒకసారి చేసి చూపిస్తే మాత్రం పిల్లలకు పాఠ్యపుస్తకంలోని ద్రావణి అన్న మాట జన్మలో మర్చిపోకుండా గుర్తుంటుంది. విమానానికి మాత్రం తెల్ల ఫెవికాల్ వాడండి. రాత్రి అతికిస్తే పొద్దునకు ఆరుతుంది. ఆగే ఓపిక లేకపోతే గ్లూ గన్, అదీ కాస్త చల్లారనిచ్చి. రంగు కావాలంటే రంగు టేపు, స్కెచ్ పెన్ చాలు.

రెండడుగుల రెక్క

ఇక కొలతలు. వడ్రంగి మేస్త్రీ లెక్కలోనే చెప్పుకుందాం. అరంగుళానికి కొంచెం తక్కువ మందంలో రెక్క 24 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు. వెనక అడ్డ తోక 9 అంగుళాలు, 3 అంగుళాలు. నిలువు తోక మూడున్నర అంగుళాల పలక. ఒళ్లు 24 అంగుళాల పొడవు, అంగుళంన్నర ఎత్తున్న బద్ద. ముక్కు నుంచి 6 అంగుళాలు వదిలి రెక్క మొదలవ్వాలి. ఈ అంకెలు వేదం కాదు. తోక వైశాల్యం రెక్కలో నాలుగో వంతుకు కాస్త తక్కువగా ఉండటం, తోక బాగా వెనక ఉండటం, ఈ రెండూ తప్పకుండా చూసుకుంటే మిగతాది పిల్లల ఇష్టం. కొసలు గద్ద రెక్కలా కోస్తానంటే కోయనివ్వండి.

కొత్త బ్లేడుతో, స్టీలు స్కేలు పెట్టి, ఒక్కసారే తెగేలా కాకుండా మూడు నాలుగు గీతల్లో కోయాలి. మొండి బ్లేడైతే పూసలు ఊడి రేగుతాయి. మందం పలక లోంచి పల్చటి రెక్క తీయాలంటే వేడి తీగ కావాలి. ఆ పని పెద్దలది. ఆరుబయట చేయాలి. ఆ పొగ పీల్చకూడదు.

చదును పలక ఒక్కటే అయితే రెక్క మధ్యలో వంగిపోతుంది. దానికో పాత చిట్కా ఉంది. రెక్క పైన, ముందంచు నుంచి సగం వెడల్పు దాకా రెండున్నర అంగుళాల ఇంకో పట్టీ అతికించాలి. పక్క నుంచి చూస్తే మెట్టులా కనిపిస్తుంది. ఈ మెట్టు రెక్కను అమెరికాలో రిచర్డ్ క్లైన్ అనే ఆయన కాగితం విమానం మడుస్తూ కనిపెట్టాడు. ఫ్లాయిడ్ ఫోగల్‌మన్‌తో కలిసి 1970ల మొదట్లో పేటెంటు తీసుకున్నాడు. అసలు విమానాలకు ఇది పనికి రాదని గాలి సొరంగాల్లో పరీక్షించి తేల్చారు. ఏం పర్లేదు. నెమ్మదిగా పోయే ఫోమ్ విమానాలకు మాత్రం ఆ మెట్టే వెన్నుపూస. కోయడం తేలిక, గట్టిదనం దండిగా వస్తుంది.

రెక్క రెండు సగాలూ తిన్నగా కాకుండా పైకి కాస్త లేచి ఉండాలి. మధ్యలో అడుగు నుంచి సగం లోతు కోసి, ఒక సగాన్ని బల్ల మీద పరిచి, రెండో సగం కొస బల్లకు మూడంగుళాలు ఎత్తులో ఉండేలా పుస్తకాలు పేర్చి, ఆ విరుపులో ఫెవికాల్ నింపాలి. ఈ వంపు లేకపోతే విమానం పక్కకు ఒరిగి, ఒరిగిన వైపే పోయి బోల్తా కొడుతుంది. వంపు ఉంటే ఒరిగిన వైపు రెక్క ఎక్కువ గాలి పట్టుకుని మళ్లీ నిటారుగా లేస్తుంది. గద్ద అదే వంపుతో ఆకాశంలో తేలడం పిల్లలు రోజూ చూసేదే.

ఇప్పుడు పడటం సంగతి. అసలు డిజైన్ ఇక్కడుంది.

రెక్కను ఒంటికి అతికించొద్దు. అతికించిన రెక్క కొస నేలను తాకితే ఆ దెబ్బంతా రెక్క మొదలుకు చేరి అక్కడ విరుగుతుంది. ఒంట్లోంచి అడ్డంగా రెండు వెదురు పుల్లలు గుచ్చండి, రెక్కకు ముందొకటి, వెనకొకటి. రెక్కను ఒంటి మీద పెట్టి రబ్బరు బ్యాండ్లు ఆ పుల్లలకు అటూ ఇటూ తగిలించండి. గట్టి దెబ్బ తగిలినప్పుడు రెక్క పక్కకు తిరుగుతుంది, లేదా ఎగిరి ఊడుతుంది. ఏదీ విరగదు. చూసేవాళ్లు "అయ్యో, రెక్క ఊడింది" అంటారు. ఊడటానికే పెట్టింది. మళ్లీ తగిలించడానికి పది సెకన్లు.

ముక్కుకు తెగిన హవాయి చెప్పు ముక్క. దీనికి ఎదురు లేదు. మెత్తన, బరువు, దెబ్బ తిని మళ్లీ ఉబ్బుతుంది. పైగా ముక్కు దగ్గర ఎట్లాగూ బరువు కావాలి. పనికిరాని బరువు మోయకుండా, కాపాడే వస్తువే బరువవుతుంది. ఒళ్లు విరిగే చోటు ఎప్పుడూ రెక్క వెనకే. అక్కడ రెండు పక్కలా కొబ్బరి ఈనె చీపురు పుల్లలు గానీ గాలిపటం పుల్లలు గానీ పొడుగూతా పెట్టి టేపు వేస్తే సరిపోతుంది. రెక్క ముందంచుకు బ్రౌన్ టేపు ఒక్క వరస, కోసిన మిగతా అంచులకు పల్చటి టేపు. అంతకు మించి టేపు చుట్టాలనిపిస్తే ఆ దెబ్బ లెక్క మళ్లీ గుర్తు చేసుకోండి.

చివరగా తూకం. రెండు చూపుడు వేళ్ల కొసల మీద రెక్కను అడుగు నుంచి ఆనించి లేపాలి. ముందంచు నుంచి అంగుళంన్నర వెనక్కి వేళ్లు పెట్టినప్పుడు విమానం అటూ ఇటూ వాలకుండా నిలవాలి. తోక కిందికి వాలితే ముక్కుకు రూపాయి బిళ్ల అతికించండి. బడిలో గరిమనాభి అని అట్టలు కోసి దారం వేలాడదీసి నేర్పేది దీన్నే. ఆ అట్ట నిలిచినా నిలవకపోయినా ఎవరికీ బాధ లేదు. ఇక్కడ గరిమనాభి అరంగుళం వెనక్కి జరిగితే విమానం కూలిపోతుంది. అదీ తేడా.

బట్టీల పొగ చూసి

పల్నాట వేసవి గాలి తమాషాగా ఉంటుంది. పొద్దున ఆరింటికి ఆకు కదలదు. తొమ్మిదయ్యేసరికి నేల కాగి గాలి పొర్లడం మొదలు. మధ్యాహ్నం పడమటి వడగాలి. పక్కనున్న రెంటచింతల ఎండలు రాష్ట్రమంతా పేపర్లలో చదివేవే. కాబట్టి పొద్దున్నే ఎగరేయాలి, లేదా పొద్దు వాలాక. ఆ టైములో గాలి ఎటుందో తెలుసుకోవడానికి పిడుగురాళ్లలో జెండా కట్టక్కర్లేదు. సున్నం బట్టీల పొగ చూస్తే చాలు. ఊరికి పేరు తెచ్చిందీ, ఊళ్లోవాళ్ల ఊపిరితిత్తులకు చెడు తెచ్చిందీ ఆ బట్టీలే. పొగ తిన్నగా లేస్తే ఏ దిక్కుకైనా విసరొచ్చు. ఒక పక్కకు వాలితే ఆ పొగ వచ్చే వైపుకు ముఖం పెట్టి, గాలికి ఎదురు విసరాలి. పొగ నేల మీదే పాకుతుంటే ఇంటికెళ్లి రెక్క బాగుచేసుకోవడం నయం.

చోటు విషయంలో మొహమాటం వద్దు. బడి గ్రౌండు, కోతలయ్యాక ఖాళీ పడ్డ వరి మడి మంచివి. హైవే పక్కన వద్దు, కరెంటు తీగల దగ్గర వద్దు. పాత సున్నపురాయి క్వారీ గుంటల చుట్టుపక్కల అసలే వద్దు. నీళ్లు నిలిచిన ఆ గుంటలోకి విమానం పడితే పిల్లలు దాని వెనకాలే దిగుతారు. తీగ మీద చిక్కుకున్నా, గుంటలో పడినా ఆ విమానం పోయినట్టేనని విసరకముందే ఒప్పందం చేసుకోవాలి. థర్మోకోల్ రేపు ఇంకోటి దొరుకుతుంది.

విసరడం కూడా క్రికెట్ త్రో కాదు. పిల్లలందరూ మొదట ఆకాశంలోకి విసురుతారు. అది లేచి, నిలబడి, టపీమని కూలుతుంది. భుజం ఎత్తులో పట్టుకుని, ముక్కు కొంచెం కిందికి ఉంచి, ఎదురుగా ఉన్న మనిషి మోకాళ్లకేసి మెల్లగా నెట్టినట్టు వదలాలి. చక్కగా తూగిన గ్లైడర్ ఒక అడుగు దిగేలోపు ఆరడుగులు ముందుకు పోతుంది. అంటే భుజం ఎత్తు నుంచి ముప్పై అడుగులు. అంత పోతే మీ పని అయినట్టే, ఇక గట్టిగా విసరొచ్చు. పదిహేనడుగుల్లోనే ముక్కు పొడిస్తే తూకంలోనో తోకలోనో తేడా ఉంది.

"మావయ్యా, నాది లేస్తంది, మళ్లీ దభీమని పడతంది."

"తోక బరువైంది. ముక్కుకు రూపాయి బిళ్ల అతికించు."

"రూపాయి లేదు. పది రూపాయల బిళ్లుంది."

"అది చాలా బరువురా. ముక్కు మీద కాకుండా రెక్క దగ్గరికి జరిపి పెట్టు. అప్పుడు తక్కువ లాగుద్ది."

పది రూపాయల బిళ్ల ఏడున్నర గ్రాముల పైనే ఉంటుంది. బరువెంతో ఒక్కటే కాదు, ఎంత దూరంలో పెట్టామన్నదీ లెక్కలోకి వస్తుందని ఆ ఒక్క బిళ్ల నేర్పుతుంది. ఇక్కడ ఒక్క నియమం కఠినంగా పెట్టాలి. ఒకసారికి ఒక్కటే మార్పు. బిళ్ల జరిపితే తోక ముట్టుకోకూడదు. తోక వెనకంచు వంచితే బిళ్ల ముట్టుకోకూడదు. రెండూ ఒకేసారి మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. ఏం మార్చాం, ఎన్ని అడుగులు పోయింది అని పాత నోటు పుస్తకంలో రాసుకునే పిల్లలు వారంలో మిగతావాళ్లను దాటేస్తారు.

ఈ ఆటకు పెద్ద ప్రమాదం పెద్దవాళ్లే. నాన్నలు ముఖ్యంగా. "ఇటివ్వరా, నేను చూపిస్తా" అని ఒకసారి తీసుకున్న విమానం ఆ పూటకు మళ్లీ పిల్లాడి చేతికి రాదు. ఇంకో మాటా చెప్పాలి. ఆరో తరగతి దాకా మగపిల్లలతో సమానంగా విసిరిన ఆడపిల్లలు ఏడులోకి వచ్చేసరికి గ్రౌండు అంచున నిలబడి చూస్తుంటారు. ఎవరూ పొమ్మనరు, అట్లాగని ఎవరూ రమ్మనరు. రెక్క బ్యాండ్లు తగిలించే పని వాళ్లది, విసిరే పని వీళ్లది అయిపోతుంది. ఎవరు చేసిన విమానం వాళ్లే విసరాలన్న నియమం మొదటి రోజే పెడితే ఈ పంపకానికి చోటుండదు.

గద్ద చూపిన దారి

ఒక్కోసారి అనుకోనిది జరుగుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకు, గాలి ఇంకా జోరందుకోకముందు, మామూలుగా విసిరిన గ్లైడర్ దిగదు. భుజం ఎత్తులోనే పోతూ పోతూ మెల్లగా పైకి లేస్తుంది. వేప చెట్టు దాటుతుంది. పిల్లలు కేకలు.

కారణం నేల. దున్నిన నల్లరేగడి ఎండను మింగి త్వరగా కాగుతుంది. పక్కనున్న పచ్చటి పైరు, చెరువు నీళ్లు అంత త్వరగా కాగవు. కాగిన చోట గాలి తేలికై పైకి లేస్తుంది. మే నెల మధ్యాహ్నాల్లో ఆ లేచే గాలే సుడి తిరిగి ఎండుటాకుల్నీ దుమ్మునీ ఎత్తుకుపోయే సుడిగాలి. మన గ్లైడర్ నిశ్చలమైన గాలిలో సెకనుకు రెండడుగులు కిందికి జారుతుంది. గాలి సెకనుకు మూడడుగులు పైకి లేస్తుంటే లెక్కప్రకారం విమానం సెకనుకు అడుగు పైకి పోవాలి. పోతుంది. గద్దలు రెక్క ఆడించకుండా గంటలు గంటలు తిరిగేది ఈ లెక్క మీదే. అందుకే ఆకాశంలో గద్ద ఎక్కడ గుండ్రంగా తిరుగుతోందో చూసి, దాని కింద నిలబడి విసరాలి. మెక్‌క్రెడీ గ్లైడర్ల పోటీల్లో గెలిచింది ఇట్లాంటి గాలిని పసిగట్టే విద్యతోనే.

లేచిన విమానం తిరిగి రావాలిగా మరి. నిలువు తోక వెనకంచును ఒక పక్కకు రవ్వంత వంచితే విమానం పెద్ద గుండ్రం తిరుగుతూ గ్రౌండు మీదే ఉంటుంది. పోటీల్లో ఎగరేసేవాళ్లు ఇంకో ఏర్పాటు చేస్తారు. కాసేపటికి తోక టక్కున పైకి లేచి, విమానం తేలడం మానేసి కిందికి దిగిపోయే మీట. పూర్వం దాన్ని రబ్బరు బ్యాండుకు తగిలేలా మెల్లగా కాలే వత్తితో చేసేవారు. ఎండిన పత్తి కట్టె మోపులున్న మన ఊళ్లలో ఆ ముచ్చట తలపెట్టొద్దు.

మిర్చి కల్లాల వైపు మాత్రం ఎంత గద్ద తిరిగినా వెళ్లొద్దు. పట్టాల మీద ఆరబోసిన కాయల మధ్య దిగిన విమానం కోసం పిల్లాడు కాయలు తొక్కుకుంటూ పోతే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. పత్తి విషయం ఇంకా సున్నితం. ఏరే పత్తిలో ప్లాస్టిక్ పోగో, గోనె పీచో కలిసిందంటే జిన్నింగ్ మిల్లులో ధర తెగ్గోస్తారు. తెల్ల పత్తిలో తెల్ల థర్మోకోల్ పూస పడితే ఏరడం ఎవరి తరం? పత్తి తీతల రోజుల్లో చేల మీదుగా ఎగరేయకపోవడమే మర్యాద. కోసిన అంచులన్నిటికీ పల్చటి టేపు వేయాలనడం కూడా అందుకే. అప్పుడు పూసలు రాలవు. విరిగిన ముక్కల్ని సంచిలో వేసుకొచ్చి చిన్న విమానాలు చేయాలి, అంతేగాని చలిమంటలో వేయకూడదు. ఆ నల్లపొగ మంచిది కాదు. 2022 జులై 1 నుంచి అలంకరణ థర్మోకోల్‌ను దేశమంతటా నిషేధించారు. ఫ్రిజ్ పెట్టెల్లోది మాత్రం వస్తూనే ఉంది. విమానం చేసినంత మాత్రాన అది మట్టిలో కలిసిపోదు. ఇంకొన్నాళ్లు పనికొస్తుంది, అంతే.

పైనున్నవి

ఈ చుట్టుపక్కల పిల్లలకు అసలు విమానాలు మరీ దూరమేం కాదు. నాగార్జునసాగర్ పక్కన విజయపురి సౌత్‌లో పైలట్ శిక్షణ విమానాలు దిగే ఎయిర్‌స్ట్రిప్ ఉంది. ప్రకాశం వైపు దొనకొండలో బ్రిటిష్ కాలంనాటి రన్‌వే ఇంకా ఉంది. కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీదే అత్యవసర రన్‌వే కట్టి, 2022 డిసెంబర్ 29న వాయుసేన విమానాలతో పరీక్షించారు. లారీలు తిరిగే రోడ్డు మీదికి యుద్ధ విమానాలు వస్తున్నాయంటే చూడటానికి జనం వెళ్లారు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరిన విద్యార్థులకు బొమ్మ విమానాలు చేయడం శిక్షణలో భాగం. జన విజ్ఞాన వేదిక వాళ్ల చెకుముకి పత్రిక, చెత్తతో బొమ్మలు చేసే అరవింద్ గుప్తా పుస్తకాల తెలుగు అనువాదాలు చూసినా చేతులు ఊరుకోవు.

ఆ అసలు విమానాలూ గ్లైడర్ల దారిలోనే వచ్చాయి. గ్లైడర్ విద్యకు ఆద్యుల్లో ఒకడైన జర్మనీ ఇంజినీర్ ఒట్టో లిలియంతాల్ కొంగల్ని చూసి రెక్కలు కట్టుకుని 1891 నుంచి 1896 దాకా రెండు వేల సార్లు దిబ్బల మీంచి దూకాడు. రైట్ సోదరులు 1903లో మోటారు బిగించకముందు మూడేళ్లు గ్లైడర్లతోనే ఇసుక దిబ్బల మీద పడుతూ లేస్తూ గడిపారు. ఎవరికైనా లెక్కలు అక్కడే కుదిరాయి.

ఊళ్లో పదిమంది పిల్లలు విమానాలు చేశాక పోటీ పెట్టక తప్పదు. దూరానికొక బహుమతి, గాలిలో నిలిచిన సమయానికొక బహుమతి అందరూ పెట్టేవే. నా సలహా మూడోది కూడా పెట్టమని. అన్నిటికన్నా ఎక్కువసార్లు పడి, ఇంకా ఎగురుతున్న విమానానికి. పడిన ప్రతిసారీ రెక్క మీద స్కెచ్ పెన్నుతో ఒక గీత. ఇదిగో, ఇక్కడే తగవు వస్తుంది. ముందే చెబుతున్నాను, ఏ న్యాయమూర్తీ తీర్చలేడు.

"ఒరే, రెక్క మార్చావు, తోక మార్చావు, ఒంటికి కొత్త బద్దేశావు. ఇది పాత ఇమానం ఎట్టవుద్దిరా? నీ గీతలు చెల్లవు."

"ముక్కు పాతదేగా! మా తాత చెప్పు. అది మార్చలా."

"అయితే మీ తాత చెప్పుకే ఇవ్వమను పైజు."